తిన్న మొహం

వంటింటి కిటికీ పక్క నుంచి,
ఎండలు ముదిరిన వారం

చెల్లీ,

ఫోను చేయకుండా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఇంట్లో ఫోను మోగితే చాలు, మన అత్తయ్య "ఎవరు పోయారు?" అని అడుగుతోంది. ఎవరూ పోలేదంటే నమ్మదు. మంచం కింద చెప్పులు వెతుక్కుని, శాలువా కప్పుకుని పరామర్శకు బయల్దేరుతుంది. ఎక్కడికని అడిగితే తెలియదు. అందుకని ఫోను నోరు నొక్కి అలమరలో పడేశాను. ఇకమీద నీకు నా కోడిగీతలే గతి.

అసలు సంగతికి వస్తాను. ఆస్పత్రిలో రోగులకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పే ఉద్యోగం నీది. పైగా ఒకే అత్తగారికి కోడళ్ళం, నన్ను తిట్టే హక్కు నీకుంది. కానీ చివరిదాకా చదివి తిట్టు. నేను రోజూ పొద్దున్నే అత్తయ్యను వీధి మలుపులో ఉన్న ఫాస్ట్‌ఫుడ్ కొట్టుకు తీసుకెళ్తున్నాను. అదిగో, అప్పుడే కళ్ళజోడు సర్దుకున్నావు.

ఏం చేయమంటావు? ఇంట్లో ఏదీ ముట్టడం లేదు. ప్లేటు ముందు పెట్టగానే "అందరూ అయ్యారా?" అంటుంది. అయ్యారు అత్తయ్యా, అందరం తిన్నాం, మీరు తినండి అంటాను. నా మొహంలోకి కాసేపు చూస్తుంది. ప్లేటు మెల్లగా నా వైపు తోసేస్తుంది. ఉడికించినవీ అంతే, వేయించినవీ అంతే. మిల్లు క్యాంటీనులో అన్నేళ్ళు గరిటె పట్టి వందలమందికి వడ్డించిన మనిషి, ఆవిడకు నా వంట ఎప్పుడు ఆనింది గనక. పెళ్ళయిన కొత్తలో నా కూర నోట్లో పెట్టుకుని "ఉడికింది" అంది. ఈ ఇంట్లో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

మొన్న రక్తపరీక్షకు వెళ్ళి వస్తూ ఇద్దరం ఆకలికి సోలిపోయి ఆ కొట్టులోకి దూరాం. ఆవిడకొక పెట్టె తీసుకున్నాను. బన్ను, మధ్యలో గుడ్డు, చీజు, మాంసం బిళ్ళ, పక్కన నూనెలో వేయించిన బంగాళాదుంప అట్టు. ఒక్కటే కొని బల్ల ఆక్రమిస్తే బాగుండదని నాకూ ఒకటి తీసుకున్నాను. నాది సగం అయ్యేసరికి ఆవిడ తనది విప్పింది. చెల్లీ, ఆఖరి తునక దాకా తినేసింది! వేళ్ళు తుడుచుకుని కాగితం మడిచి ట్రేలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. అప్పట్నుంచి రోజూ అదే. పొద్దున ఆ ఒక్క పెట్టె. ఆ తర్వాత మర్నాటి దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు చెప్పు. ఆ పెట్టెలో ఏముంది? ఆవిడను బతికిస్తున్నానా, చంపుతున్నానా? మీ బావగారిని అడిగితే "తింటోంది కదా, తిననీ" అని బస్సుల డిపోకి పోయారు. ఆయన చేతిలో స్పానరుంటే చాలు, ఇల్లు గుర్తుండదు.

అక్క


ఆస్పత్రి కిందిగది నుంచి,
అదే నెల

అక్కా,

ముందు నవ్వాను, తర్వాత భయమేసింది. నిన్ను తిట్టను. కానీ అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆ పెట్టెలో మెచ్చుకోదగింది గుడ్డొక్కటే. బన్ను అంటే మైదా, కాస్త చక్కెర. పీచు లేనట్టే. మాంసం బిళ్ళ, చీజు రెండూ ఉప్పులో మునిగి లేచినవి. ఆ దుంప అట్టు నూనె పీల్చిన దూది. కడుపు నిండుతుంది, శక్తి కూడా వస్తుంది, కాదనను. అయితే అత్తయ్యలాంటి గుండెకు రోజు మొత్తానికి నేను రాసిచ్చే ఉప్పులో సింహభాగం ఆ ఒక్క పెట్టెలోనే అయిపోతుంది. ఆవిడ గుండె నీళ్ళు తోడలేని మోటారు అయిపోయింది. ఉప్పు పెరిగితే ఒంట్లో నీరు నిలుస్తుంది. ముందు పాదాలు ఉబ్బుతాయి. తర్వాత ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఇలాంటివాళ్ళు మా వార్డులో గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం కొట్టుకుంటుంటే రోజూ చూస్తున్నాను.

కాబట్టి మానిపించు. పొద్దున పాలు, ఉడికించిన గుడ్డు, మెత్తగా చేసిన పండు. మధ్యాహ్నం కూరగాయల సూపు. ఉప్పు బదులు నిమ్మరసం. ఒకట్రెండు రోజులు మొండికేస్తుంది. నువ్వు కరగకు.

ఇంకో మాట. నువ్వూ తింటున్నావట. నీ బీపీ సంగతి మర్చిపోయావా? మొహమాటానికి ఒళ్ళు పాడుచేసుకుంటావా? ఎప్పుడైనా తప్పక తీసుకెళ్ళాల్సి వస్తే ఆవిడకు మాత్రమే కొను. నువ్వు మంచినీళ్ళు తాగి కూర్చో. బల్ల ఎవరూ ఎత్తుకుపోరు.

మీ మరిదికి వచ్చే నెలాఖరు దాకా సెలవు దొరకదట. నాకూ అంతే.

నీ చెల్లి


వంటింటి కిటికీ పక్క నుంచి,
వానలు పడిన మొదటి వారం

చెల్లీ,

నీ ఉత్తరం అందేలోగానే నువ్వన్నది జరిగింది. పాదాలు బన్నుల్లా ఉబ్బాయి. ఆ పోలిక కావాలని రాయలేదు, కలం నుంచి అదే వచ్చింది. మర్నాడు పడుకోలేక లేచి కూర్చుని, చేపపిల్లలా నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. మీ బావగారూ నేనూ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు నీళ్ళు లాగే మందు ఎక్కించి, ఏం పెడుతున్నారని అడిగాడు. నేను చెప్పాను. అతను అలా నన్ను చూశాడంతే. మీ బావగారు కూడా తల తిప్పి నన్నే చూశారు. "తింటోంది కదా, తిననీ" అన్న మాట ఆయనకు గుర్తు లేదు.

ఇంటికొచ్చాక నువ్వు చెప్పినట్టే నడుచుకున్నాను. పాలు ముట్టలేదు. గుడ్డు, పండు, సూపు దేని వంకా చూడలేదు. ప్లేటు నా వైపే. నాకు ఒళ్ళు మండి, "నా చేతివంట అంత అసహ్యమా మీకు?" అని అరిచేశాను. ఆవిడ భయపడలేదు, బాధపడలేదు. "అందరూ అయ్యారా?" అని మళ్ళీ అడిగింది.

పోనీ వారానికొక్కసారి ఫరవాలేదని డాక్టరు అంటే, ఆశ చంపుకోలేక కొట్టుకు తీసుకెళ్ళాను. ఆవిడకు మాత్రమే కొన్నాను. నువ్వన్నట్టే నేను మంచినీళ్ళ సీసా పెట్టుకుని కూర్చున్నాను. పెట్టె విప్పలేదు సరికదా, దాన్ని కూడా నా వైపే తోసింది. అది కూడా మొహం మొత్తినట్టుంది. ఇక ఆ వీధి వైపు పోవడం మానేశాం.

ఆవిడ చేతి గాజులు మోచేయి దాకా జారుతున్నాయి. ఏదో ఒకటి చెప్పు.

అక్క


ఆస్పత్రి కిందిగది నుంచి,
వారం తర్వాత

అక్కా,

ఆ రోజు డాక్టరు చూసిన చూపు మనసులో పెట్టుకోకు. వాళ్ళు అందరినీ అలాగే చూస్తారు, మమ్మల్ని కూడా.

నాకొక ఉపాయం తట్టింది. వయసు పైబడ్డవాళ్ళు చాలాసార్లు రుచికి కాక, చూపుకి అలవాటు పడతారు. ఆ కొట్టు నుంచి ఖాళీ పెట్టెలు, కాగితాలు తెచ్చుకో. బన్ను ఇంట్లోనే కాల్చు. లోపల గుడ్డు పెట్టు. మాంసం బిళ్ళ ఉప్పు లేకుండా నువ్వే చెయ్యి. దుంపను నూనె లేకుండా పెనం మీద ఎర్రగా కాల్చు. పెట్టెలో పెట్టి అచ్చం అలాగే మూసి ఇవ్వు. ఆవిడకు తేడా తెలియదు.

కంగారు పడకు. ఆకలి వేస్తే తినకుండా ఎవరూ ఉండరు.

ఇక్కడ పని నెత్తి మీద పడి ఉంది. పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను.

నీ చెల్లి


మంచం పక్క స్టూలు మీద నుంచి,
వానలు తగ్గాక

చెల్లీ,

ఆకలి వేస్తే తినకుండా ఎవరూ ఉండరు. ఆ మాట రాసిన కాగితం నా దగ్గరే ఉంది. రోజూ చదువుకుంటున్నాను.

నువ్వు చెప్పిన వేషాలన్నీ వేశాను. కొట్టులో ఖాళీ పెట్టెలు అడిగితే కౌంటరు దగ్గరి పిల్ల నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, జాలిపడి ఇచ్చింది. బన్ను కాల్చాను. మొదటిది రాయి, రెండోది స్పాంజి, మూడోది బన్నే అయింది. పెట్టెలో పెట్టి, కాగితం మడతలు కూడా వాళ్ళలాగే మడిచి ఆవిడ ముందు పెట్టాను. పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూశాను. విప్పింది. వాసన చూసింది. నవ్వింది కూడా. తర్వాత మూత మూసి, రెండు చేతులతో పట్టుకుని నాకు అందించింది, బహుమతి ఇచ్చినట్టు. తీసుకెళ్ళి సింకు దగ్గర పెట్టి ఏడ్చాను.

డాక్టరు రాసిచ్చిన పొడి మందని చెప్పి నీళ్ళలో కలిపి ఇస్తే రెండు గుక్కలు తాగుతోంది, ఆ గుక్కల మీదే ప్రాణం నిలిచి ఉంది. తిండి కోసం ఎన్ని రకాలుగా బతిమాలానో నీకు తెలియదు. కథలు చెప్పాను, కసురుకున్నాను, చెంచా పళ్ళకు తగిలించి లోపలికి తోయబోయాను. అది చేసినందుకు నా చేయి నరుక్కోవాలనిపించింది. ఆవిడ పెదాలు బిగించి నా మొహమే చూసింది. ఏం వెతుకుతుందో నా మొహంలో.

నా తిండి అంటావా? ఆవిడ ముందు తినడానికి నాకు మనసొప్పదు. ఎదురుగా ఒక మనిషి ఎండిపోతుంటే ఎలా మింగమంటావు? ఆవిడ కునుకు తీసినప్పుడు పొయ్యి దగ్గర నిలబడి మిగిలిందేదో నోట్లో వేసుకుంటున్నాను. ఒక్కోరోజు అదీ లేదు.

నిన్న మీ బావగారి పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. అత్తయ్య చేతులు నిమిరి, నాకు వినపడేలా, "కోడలు వేళకు పెడుతోందా?" అని అడిగింది. మీ బావగారు పక్కనే ఉన్నారు. పెడుతోంది అనొచ్చుగా? కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. రేపు ఈవిడ పోతే గుండె జబ్బుతో పోయిందని ఎవరూ అనరు. ఆ కోడలి చేతుల్లో తిండి లేక పోయిందంటారు. వాళ్ళేం ఖర్మ, నేనే అనుకుంటాను. చచ్చేదాకా అనుకుంటాను.

నువ్వు చదువుకున్నదానివి. నీ చదువులో దీనికి మందు లేకపోతే లేదని చెప్పు. ఉపాయాలు మాత్రం ఇక పంపకు.

అక్క


ఆస్పత్రి కిందిగది నుంచి,
నీ ఉత్తరం అందిన రోజే

అక్కా,

లేదు. నా చదువులో దీనికి మందు లేదు.

నీకు చెప్పని సంగతొకటి. ఇలా తిండి మానేసిన వాళ్ళు మా వార్డులో ఎప్పుడూ ఉంటారు. నేను వెళ్ళి కాగితం మీద గీతలు గీసి, ఇంత ప్రోటీను, ఇంత నూనె అని రాసి వస్తాను. ట్రే లోపలికి వెళ్తుంది, అలాగే బయటికి వస్తుంది. వాళ్ళ పిల్లలు నా దగ్గరికొచ్చి నువ్వడిగినట్టే అడుగుతారు. వాళ్ళకు కూడా అదే చెబుతాను, ఆకలి వేస్తే తింటారని. ఏదో ఒకటి చెప్పకపోతే వాళ్ళు గది వదిలి వెళ్ళరు. నీకూ అదే చెప్పాను. పరాయివాళ్ళకు చెప్పినట్టు చెప్పాను.

ఉప్పు సంగతి వదిలెయ్. నేను రాసినవన్నీ చింపి పారెయ్. ఆ కొట్టుకే తీసుకెళ్ళు. ఆ ఉప్పే, ఆ నూనే, ఆ మైదాయే పెట్టు. రెండు పెట్టెలు తింటానంటే రెండు పెట్టు. పాదాలు ఉబ్బితే మందు వేద్దాం. ఇప్పుడు ఆవిడకు కావలసింది మంచి తిండి కాదు, తిండి. ఈ మాట నేను రాస్తున్నానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

నా గురించి అడిగావు కాదు గాని చెబుతున్నాను. నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగడం లేదు. కాఫీ మీదే తిరుగుతున్నాను. మీ మరిది అరుస్తున్నాడు.

చెల్లి


మంచం పక్క స్టూలు మీద నుంచి,
చలి మొదలైంది

చెల్లీ,

ఇది నెమ్మదిగా చదువు. నేను కూడా నెమ్మదిగానే రాస్తున్నాను.

కొట్టుకు తీసుకెళ్ళే దశ దాటిపోయింది. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతోంది. అందుకని మీ బావగారు డిపోకి పోకుండా కొట్టుకు వెళ్ళి, పెట్టె వేడివేడిగా చొక్కాలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఈ మనిషి పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పెట్టె విప్పి ఆవిడ ముందు పెట్టాను. "అందరూ అయ్యారా?" గొంతు పెగలడం లేదు, పెదాలే కదిలాయి. మళ్ళీ నా వైపు తోయబోయింది. తోసే బలం కూడా లేదు. వేలు పెట్టెకు ఆన్చి ఊరుకుంది.

నేను అంతకు ముందు రోజు నుంచీ ఏమీ తినలేదు. ఒక్కసారిగా ఏమైందో, ఎవరి మీద కోపమో, ఆ బన్ను తీసుకుని నేనే కొరికాను. మంచం అంచున కూర్చుని, ఏడుస్తూ, సిగ్గు లేకుండా గబగబా తిన్నాను. సగం అయ్యాక తలెత్తి చూశాను. ఆవిడ నన్నే చూస్తోంది. ఆ మొహం నేను ఎరుగుదును. నా కాన్పు అయినప్పుడు మంచం పక్కన కూర్చుని తినిపించిన మొహం అది. మెల్లగా నా మణికట్టు పట్టుకుని, బన్ను ఉన్న చేతిని తన వైపు లాక్కుని, నోరు తెరిచింది.

"ఇప్పుడు తిన్న మొహం" అంది. అంతే అంది.

అప్పుడు నాకు అర్థమైంది. క్యాంటీనులో వడ్డించేవాళ్ళు లైనులో ఆఖరి మనిషి తిని లేచేదాకా ఏమీ ముట్టుకోకూడదు. ఆవిడ బతుకంతా అలాగే గడిచింది. మన ఇంట్లోనూ అంతే కదా, ఆవిడ మనకంటే ముందు తినగా ఎప్పుడైనా చూశావా? మిగతావన్నీ మర్చిపోయింది, నా పేరు మర్చిపోయింది, ఇదొక్కటి మర్చిపోలేదు. అయ్యారా అని అడిగి, నేను అయ్యారని అబద్ధం చెబితే, నా మొహం చూసి కనిపెట్టేది. వేలమంది ఆకలి మొహాలు చూసిన మనిషికి నా మొహం ఒక లెక్కా? ప్లేటు నా వైపు తోసింది వద్దని కాదు చెల్లీ. నన్ను తినమని. ఇన్ని నెలలూ ఆవిడ నాకు పెడుతూనే ఉంది. నేను తీసుకెళ్ళి సింకులో పడేస్తూనే ఉన్నాను.

కొట్టులో ఎందుకు తినేదో నీకిప్పుడు తెలిసే ఉంటుంది. అక్కడ అందరూ తింటుంటారు. నేనూ తినేదాన్ని.

నోరు తెరిచింది అన్నాను కదా. చిన్న ముక్క తుంచి పెట్టాను. నమిలింది. ఎంతసేపో నమిలింది. మింగలేకపోయింది. బుగ్గలో అలాగే ఉండిపోయింది. దగ్గు వచ్చింది, కళ్ళు తేలేసింది. నేను వేలు పెట్టి బయటికి తీశాను. డాక్టరు వచ్చి చూసి, మింగే శక్తి పోయింది, ఇక నోటితో ఏమీ పెట్టవద్దు అన్నాడు.

ఒక్క నెల ముందు నేను ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్క ముద్ద తిని ఉంటే సరిపోయేది. ఒక్క ముద్ద.

అక్క


ఆస్పత్రి కిందిగది నుంచి

అక్కా,

ఆ బల్ల దగ్గర నిన్ను మంచినీళ్ళు తాగి కూర్చోమని రాసింది నేను. నీకు గుర్తుందో లేదో, నాకు అక్షరం అక్షరం గుర్తుంది. నేను ఆ పెట్టెలో ఏముందో చూశాను గాని, పెట్టె ముందు ఎవరు కూర్చున్నారో చూడలేదు. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, నాది సగం అయ్యేసరికి ఆవిడ తనది విప్పిందని. అంతా అందులోనే ఉంది. నేను ఉప్పు గురించి రాశాను.

కాబట్టి ఎవరైనా ఏమైనా అంటే నా పేరు చెప్పు. నీ చేతుల్లో పోవడం లేదు ఆవిడ. నా చేతుల్లో పోతోంది.

ముక్కులోంచి గొట్టం వేస్తామంటారు. వద్దను. వేస్తే ఆవిడ పీకేస్తుంది, పీకేస్తుందని చేతులు మంచానికి కట్టేస్తారు. ఆ చేతుల్ని కట్టనివ్వకు. బావగారికి నేను చెప్పానని చెప్పు.

సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం మానేస్తానన్నాను, ఇచ్చారు. ఆదివారం రైలు. మీ మరిది కూడా వస్తున్నాడు. ఆవిడ నన్ను గుర్తుపడుతుందా?

చెల్లి


మంచం పక్క స్టూలు మీద నుంచి

చెల్లీ,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోగా అందాలని మీ బావగారి చేత పెద్ద పోస్టాఫీసుకు పంపుతున్నాను.

నీ పేరు ఎవరికీ చెప్పను. నువ్వు రాసింది నా బీపీ గురించి దిగులుతో రాశావు. ఒకరి మీద ఒకరం వేసుకుని ఏం చేసుకుంటాం? ఇద్దరి చేతుల్లోనూ పోతోంది అనుకుందాం. అలా అనుకున్నా బరువేమీ తగ్గలేదు నాకు. నీకు తగ్గితే చెప్పు.

గొట్టం వద్దన్నాం. చేతులు విడిగానే ఉన్నాయి. తడి దూదితో పెదాలు తడుపుతున్నాను. రోజూ పొద్దున మీ బావగారు ఆ కొట్టు నుంచి రెండు పెట్టెలు తెస్తున్నారు. ఆయనా నేనూ మంచానికి చెరో పక్క కూర్చుని, ఆవిడ చూస్తుండగా తింటున్నాం. ఆఖరి తునక దాకా తినాలి, లేకపోతే కళ్ళు మూసుకోదు. నా మొహం, కొడుకు మొహం మార్చి మార్చి చూసి, లైను అయిపోయినట్టు తల ఊపి నిద్రపోతుంది. ఆవిడకు ఎముకలు మిగిలాయి, నాకు ఒళ్ళు వస్తోంది. ఆ బన్ను గొంతులో రాయిలా అడ్డం పడుతుంది, అయినా మింగుతున్నాను. ఆవిడకు పెట్టలేకపోయినదంతా నేను తింటున్నానని తెలుసు. ఇంకేం చేయాలో తెలియక తింటున్నాను.

నిన్ను గుర్తుపడుతుందా అని అడిగావు. పేరు గుర్తు లేదు. కానీ నిన్న తలుపు వైపు చేయి చూపించి, "ఇంకొకతి ఉండాలి" అంది. చిన్న కోడలు ఆదివారం వస్తుంది, తినే వస్తుంది అని చెప్పాను. నమ్మలేదు. తలుపు వైపే చూస్తోంది.

ఆదివారం దాకా ఉంటుందో ఉండదో డాక్టరు చెప్పలేనన్నాడు. ఉంటుందనే అనుకుంటున్నాను, ఇంకొకతి మిగిలి ఉంది కదా.

అందుకని ఒక్క మాట విను. కాఫీ తాగి రాకు. స్టేషనులో దిగగానే ఏదో ఒకటి కొనుక్కుని కడుపు నిండా తిను. ఏముందో చూడకు, ఎంత ఉప్పో లెక్కపెట్టకు. ఖాళీ కడుపుతో వస్తే ఆవిడ నీ మొహం చూసి కనిపెట్టేస్తుంది.

అక్క